ఒక్కరోజు తప్ప

ప్రెస్సు అతను మూడోసారి ఫోన్ చేశాడు. పన్నెండు లోపల కాగితం అందకపోతే శనివారానికి అచ్చు కాదన్నాడు. ఫోన్ పెట్టేసి మా అబ్బాయి జెన్‌హావ్ నా వైపు చూడకుండా వాళ్ల అక్కతో అన్నాడు.

"అమ్మకి నువ్వైనా చెప్పక్కా. రెండొందల మంది వస్తున్నారు. చేతుల్లో పెట్టడానికి వీడ్కోలు పత్రం లేకుండా నాన్నని సాగనంపుతామా?"

"నాతోనే చెప్పు. నేనిక్కడే ఉన్నాను. పోయింది మీ నాన్న, నేను కాదు," అన్నాను.

మా అమ్మాయి హుయ్‌వెన్ చేతిలో కాగితం తామర సగం మడతలో ఆగిపోయింది. తండ్రికి కాల్చి పంపడానికి, ఆయన పటం ముందు బల్ల మీద అప్పటికి నూరు తామరలు మడిచి పెట్టింది. ఆరు రోజులుగా ఈ ఇంట్లో అందరి చేతులకీ అదే పని. ఇప్పుడు ఎవరి చేతులూ ఆడటం లేదు.

ఆ పత్రం రాసిన కాగితం నా జేబులో ఉంది. తీసుకోవాలంటే నన్ను పట్టుకుని లాక్కోవాలి. ఆ ధైర్యం ఇద్దరికీ లేదు.

జియాంగ్ అన్నయ్య బయట వసారాలో నిలబడి సిగరెట్ కాలుస్తున్నాడు. అరగంటలో నాలుగోది. డెబ్బై ఆరేళ్ల మనిషి, గుండెకి రెండు స్టెంట్లు వేయించుకున్నవాడు. మా కీలుంగ్ రేవులో వాన సంగతి తెలిసిందే కదా, పక్కనుంచి కొడుతుంది. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసినా లోపలికి రావడం లేదు. నేను అడిగిన ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పలేక వెళ్లి అక్కడ నిలబడ్డాడు.

ఆ పత్రం రాసింది ఆయనే. మా ఆయన పనిచేసిన ఫైర్ స్టేషన్‌లో పంతొమ్మిదేళ్లు డ్యూటీ పుస్తకం రాసిన చెయ్యి అది. ఎవరు ఎన్నింటికి వచ్చారు, బండి ఎన్నింటికి కదిలింది, ఎన్ని గొట్టాలు విప్పారు, అన్నీ ఆయన రాతలోనే ఉండేవి. జియాంగ్ రాస్తే నిమిషం తప్పదని రేవంతా చెప్పుకునేవాళ్లు. అందుకే నేనే అడిగి రాయించాను. నా చేతులారా తెచ్చుకున్నదే.

పొద్దున హుయ్‌వెన్ పైకి చదువుతుంటే అందరం విన్నాం. బొగ్గుగని కూలి కొడుకు. జాతకంలో నీళ్లు లేవని జోస్యుడు చెబితే షుయ్‌యువాన్, నీటిబుగ్గ, అని పేరు పెట్టారు. ఇరవై ఒకటో ఏట స్టేషన్‌లో చేరాడు. చేపల బజారు వెనక మేడ అంటుకున్నప్పుడు ముగ్గురు పిల్లల్ని తడి బొంతలో చుట్టి మెట్ల మీదుగా దించాడు. తుఫానుకి కొండ జారినప్పుడు రెండు రోజులు నిద్రపోకుండా మట్టి తవ్వాడు. ప్యాంటు బూట్లలోనే దోపి ఉంచి మంచం పక్కన పెట్టుకుని పడుకునేవాడు.

"రిటైరయ్యాక బకెట్టు సంగతి రాయలేదేం పెదనాన్నా?" అని నవ్వింది హుయ్‌వెన్. ఏడో నెలలో పితృదేవతలకి వీధిలో కాగితపు డబ్బు కాలుస్తారు కదా, మా ఆయన ప్రతి పొయ్యి పక్కనా నీళ్ల బకెట్టు పెట్టి కాపలా కాసేవాడు. "మీ తాతగారికి పంపే డబ్బుతో పాటు మీ ఇల్లు కూడా పంపిస్తారా?" అని అందరినీ తిట్టేవాడు. హోటల్లో కూర్చుంటే ముందు వెనక తలుపు ఎక్కడుందో చూసి వచ్చాకే గిన్నె ముట్టేవాడు.

వింటూ నేను ఏడ్చాను. దాచుకోవడం దేనికి? ఇన్నేళ్లూ సైరన్ వింటూ కూరలో ఉప్పు వేశానో లేదో మరిచిపోయినదాన్ని. నాకు ఏడ్చే హక్కుంది.

అప్పుడు ఆ వాక్యం వచ్చింది.

'ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో ఒక్కరోజు తప్ప, నలభై నిమిషాలు తప్ప, ఆయన ఎన్నడూ డ్యూటీకి ఆలస్యంగా రాలేదు.'

ఏడుపులోనే నవ్వొచ్చింది నాకు. "ఇదేం చోద్యం అన్నయ్యగారూ! పోయినవాళ్ల కాగితంలో కూడా లెక్కేనా? ఎన్నడూ ఆలస్యంగా రాలేదు అని రాస్తే మీ సొమ్మేం పోయింది?"

"అబద్ధమవుతుంది చెల్లెమ్మా," అన్నాడు.

"ఇంతకీ ఏ రోజు? కోడి కంటే ముందు లేచే మనిషి!"

సరదాకి అడిగాను. దేవుడి మీద ఒట్టు, సరదాకే అడిగాను. జియాంగ్ అన్నయ్య ముఖం మాడిపోయింది. జేబులు తడుముకుని సిగరెట్ పెట్టె తీసి వసారాలోకి నడిచాడు. తేలు కుట్టిన దొంగ అలా నడుస్తాడు.

నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లాను.

"లోపలికి రండి. మీ ఆవిడ చూస్తే ఆ సిగరెట్లకి నన్నంటుంది."

వచ్చాడు. పటానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఏ రోజో చెప్పండి."

"ఎప్పటి మాటో చెల్లెమ్మా. గుర్తులేదు."

"గుర్తులేనివాళ్లు నలభై అని ఎలా రాశారు? అరగంట అనో గంట అనో రాయకపోయారా?"

జెన్‌హావ్ అడ్డం వచ్చాడు. "అమ్మా, ఆయన పెద్దవాడు. ఎందుకలా పీడిస్తావ్? ఆ ఒక్క మాట కొట్టేద్దాం, కాగితం ఇవ్వు."

"నువ్వాగు. అన్నయ్యగారూ, ఏ రోజు?"

ఆయన వంగి తన తడి ప్యాంటు అంచు పిండుకున్నాడు.

"మీ పెళ్లయిన ఏడు. ఏప్రిల్ పంతొమ్మిది," అన్నాడు.

ఈ ఇంట్లో పిల్లలకి తమ పుట్టినరోజులైనా మరపుకి వస్తాయేమో గానీ ఆ తేదీ రాదు. నలభై మూడేళ్లుగా ఏప్రిల్ పంతొమ్మిదిన ఈ ఇంట్లో పొయ్యి నా కోసం వెలగదు. ఆ రోజు వండిందంతా మంటల్లో పోయిన క్వాంగ్ వాళ్లమ్మకే.

పెళ్లయిన మూడోరోజు ఆచారం ప్రకారం పుట్టింటికి వెళ్లి వచ్చాం. మాది దక్షిణాన పల్లె. మా నాన్నకి రెండెకరాల అనాస తోట. అల్లుడి స్నేహితులు తినాలని తన తోటలో పండిన పండుతో, బేకరీలో దగ్గర కూర్చుని కేకులు చేయించాడు. ఆరు డబ్బాలు. ఎర్రకాగితం చుట్టి పంపాడు. మర్నాడు పొద్దున ఏడింటికి డ్యూటీకి వెళ్తున్న మొగుడి చేతికి ఆ డబ్బాలు ఇచ్చింది నేను. తాడుకి ముడి వేసింది కూడా నేనే.

అనాసని మా భాషలో ఓంగ్‌లాయ్ అంటాం. 'కళకళలాడుతూ రా' అన్నట్టు వినిపిస్తుంది. అందుకే కొత్త కొట్టు తెరిస్తే గుమ్మానికి అనాస కడతారు. అదే పండు ఫైర్ స్టేషన్ గడప దాటకూడదు. అక్కడ కళకళలాడేది మంటే కదా. ఈ సంగతి రేవులో పుట్టిన పసిపిల్లకైనా తెలుసు. పొలం నుంచి వచ్చిన నాకు తెలియదు.

ఆ ఉదయం ఎనిమిదీ ఇరవైకి రేవు దగ్గర తాళ్ల గోదాము అంటుకుంది. పైకప్పు కూలి క్వాంగ్ పోయాడు. ఇరవై మూడేళ్లవాడు, మా ఆయనకి సొంత తమ్ముడితో సమానం. మా పెళ్లిలో తాగి బల్లెక్కి పాడినవాడు. మా ఆయన రెండు చేతులూ కాలి ఆస్పత్రిలో పడ్డాడు. మంచం పక్కన నిలబడి ఏం మాట్లాడాలో తెలియక, "కేకులు అందరూ తిన్నారా?" అని అడిగాను.

మా అత్తగారు విన్నది. "ఏం కేకులు?" అంది.

చెప్పాను. అంతే. సాయంత్రానికి ఆస్పత్రి వరండా అంతా పాకింది, వారానికి రేవంతా. కొత్తకోడలు స్టేషన్‌లోకి అనాస పంపింది, గంట తిరక్కుండా క్వాంగ్‌ని మింగింది. మా ఆయన కట్లు కట్టిన చేతులు గుండెల మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఒక్క మాటైనా అడ్డం వేయలేదే అని అప్పుడు కుమిలిపోయాను. ఆ తర్వాత, ఉన్న మాటే కదా, పాపం ఆయన మాత్రం ఏమంటాడు అని సర్దుకున్నాను.

"చెప్పండి," అన్నాను జియాంగ్ అన్నయ్యతో. "ఆ రోజు ఆయన ఆలస్యంగా వస్తే, ఎనిమిదీ ఇరవైకి గంట మోగినప్పుడు బండి మీద ఎలా ఉన్నాడు?"

"లేడు."

హుయ్‌వెన్ చేతిలోని కాగితం కింద పడింది.

"డ్యూటీ మారేది ఎనిమిదింటికి. క్వాంగ్ దిగిపోవాలి, మీ ఆయన ఎక్కాలి. ఎనిమిదైంది, మనిషి లేడు. 'పర్లేదన్నా, కొత్త పెళ్లికొడుకు కదా, నేనుంటాలే' అన్నాడు క్వాంగ్. మేమూ నవ్వుకున్నాం. ఇరవై నిమిషాలకి గంట మోగింది. మీ ఆయన సీట్లో వాడెక్కాడు."

"మరి ఆయన?"

"ఎనిమిదీ నలభైకి వచ్చాడు. ఖాళీ షెడ్డు చూసి గోదాము దాకా పరిగెత్తాడు. అప్పటికే కప్పు కూలింది. కాలుతున్న దూలాల్ని ఒట్టి చేతుల్తో లాగాడు. ముగ్గురం పట్టుకున్నా ఆగలేదు. ఆ చేతులు అందుకే అలా అయ్యాయి చెల్లెమ్మా. అది మాత్రం నిజం."

"ఏడింటికి ఇంట్లోంచి కదిలాడు. ఇరవై నిమిషాల దారి. ఎక్కడున్నాడు?"

ఆయన చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. "డబ్బాలు పంచుతున్నాడు."

"ఏ డబ్బాలు?"

"మీ నాన్న పంపినవే. స్టేషన్‌లోకి తేకూడదని వాడికి తెలుసు. వద్దని నీతో అనడానికి నోరు రాలేదు, మామగారు దగ్గరుండి చేయించినవాయె. పారేయడానికి మనసొప్పలేదు. గుడి బజారు దగ్గర బస్సు దిగి మంగలికొకటి, చెప్పులు కుట్టేవాడికొకటి, చేపముద్దల కొట్టు ముసలమ్మకొకటి ఇచ్చుకుంటూ వచ్చాడు. ఇచ్చిన ప్రతిచోటా పెళ్లికూతురు ఎలా ఉంటుందని అడిగారట. నిలబడి చెప్పాడట."

"అయితే స్టేషన్‌లోకి..."

"ఒక్క ముక్క రాలేదు. ఆ ఎర్రకాగితం ఎలా ఉంటుందో నా కళ్లతో చూళ్లేదు."

నేను గోడకి ఆనుకున్నాను. పటంలో మా ఆయన యూనిఫాంలో, టోపీ సర్దుకుని, నా వెనక గోడని చూస్తున్నాడు. బతికున్నప్పుడూ ఆ మాట వస్తే ఇలాగే చూసేవాడు.

"ఎంతమందికి తెలుసు?"

"ఆ రోజు డ్యూటీలో ఉన్న నలుగురికి. ఇప్పుడు మిగిలింది నేను. ఆలస్యమని రాస్తే వాడి ఉద్యోగం పోయేది, కేసయ్యేది. ఎనిమిదింటికి వచ్చినట్టు రాశాను. పంతొమ్మిదేళ్లలో ఆ పుస్తకంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే. ఇవాళ మళ్లీ రాయబోతే చెయ్యి రాలేదు."

"ఆయన ఉద్యోగం కాపాడారు, బాగుంది. నా సంగతి?"

"ఆడవాళ్ల మాటలు, నెలకి అవే చల్లారిపోతాయనుకున్నాం చెల్లెమ్మా."

"ఆడవాళ్ల మాటలా!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ప్రతి కొత్త సంవత్సరానికీ ఈ బల్ల దగ్గరే కూర్చుని నా చేతి వంట తిన్నారే. మీ ఆవిడ నన్ను చూపించి 'పావ్‌చూ వండిందంటే భయమేస్తుంది తల్లీ, ఇందులో అనాస లేదు కదా' అని నన్ను దెప్పినప్పుడల్లా అందరూ నవ్వారే. మీరు గిన్నెలోకి చూసుకుంటూ తిన్నారు. చెల్లెమ్మా అని ఏ నోటితో పిలిచారు నన్ను?"

ఆయన జేబులోని సిగరెట్ పెట్టె తడుముకున్నాడు.

"మా నాన్న తోట పీకించేశాడు, తెలుసా మీకు? రెండెకరాలు. 'నా పండు ఒకరి కొడుకుని చంపింది' అని కూలీలు రాకపోతే తనే గునపం పట్టాడు. జామ మొక్కలు నాటాడు. నేల పడలేదు, సగం ఎండిపోయాయి. పోయేముందు కూడా నన్ను అడిగిందొక్కటే. ఆ పిల్లాడి తల్లి అన్నం తింటోందా అని."

"తాతయ్య ఇదంతా తెలియకుండానే పోయాడా అమ్మా?" అంది హుయ్‌వెన్.

"తెలియకుండానే. మీ నాన్న ఆయన పాడె మోశాడు కదా, మరిచిపోయావా? ముందు కొమ్ము పట్టి మోశాడు. అప్పుడైనా ఆ చెవిలో చెప్పి ఉంటే సరిపోయేది."

జెన్‌హావ్ గది మధ్యలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాడు తండ్రి శాఖలోనే కెప్టెన్. శనివారం ఆరు బండ్లు సైరన్‌తో శవపేటిక ముందు నడుస్తాయి. అన్నీ వాడే మాట్లాడి ఏర్పాటు చేశాడు.

"ఒకటి చెబుతాను, కోప్పడకు," అన్నాడు. "నాన్న ఆలస్యమైంది ఆ కేకుల వల్లే కదా. ఒక రకంగా చూస్తే..."

"ఒక రకంగా చూస్తే?"

"అంటే నా ఉద్దేశం..."

"కేకులు ఆయన్ని నలభై నిమిషాలు ఆపాయి. నలభై మూడేళ్లు ఎవరాపారురా?"

వాడు నోరు మూశాడు. కానీ కెప్టెన్ కదా, ఎక్కువసేపు మూసుకోలేడు.

"చనిపోయిన మనిషమ్మా. వచ్చి జవాబు చెప్పుకోగలడా?"

"బతికుండగా చెప్పుకోవాల్సింది. పక్క మంచమే కదా నాది."

"సరే, నువ్వు బాధపడ్డావు, ఒప్పుకుంటాను. అది మన ఇంట్లో ఉంచుకుందాం. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. రెండొందల మంది ముందు నాన్నని నిలబెడతావా?"

"నన్ను రేవంతా నిలబెట్టింది కదా. నాకేమైంది? బతికే ఉన్నాను."

"తమ్ముడూ, నువ్వు కాసేపు మాట్లాడకు," అంది హుయ్‌వెన్. నా పక్కన వచ్చి కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చేతికి బంగారు కాగితం పొడి అంటుకుని ఉంది. దాని చెయ్యి కూడా తండ్రి చెయ్యిలాగే ఉంటుంది. పక్కకి తోసేశాను. పాపం పిల్ల, అది మాత్రం ఏం చేసింది. అయినా తోసేశాను.

అన్నిటికంటే గొడుగు గుర్తొచ్చి నా ఒళ్లు మండింది. ఏటా ఆ రోజు గిన్నెలు సర్దుకుని నేను బయల్దేరితే మా ఆయన గొడుగు పట్టి క్వాంగ్ వాళ్ల వీధి చివరిదాకా వచ్చేవాడు. లోపలికి రాడు. "నువ్వు వెళ్లిరా, నేనిక్కడుంటా" అనేవాడు. నేను తిరిగి వచ్చేదాకా అక్కడే నిలబడేవాడు. నా పాపానికి తోడొచ్చాడు, ఏ జన్మలో పుణ్యం చేసుకున్నానో ఇలాంటి మొగుడు దొరికాడు అని పొంగిపోయేదాన్ని. తన పాపం మొయ్యడానికి నన్ను లోపలికి పంపి, తను గొడుగు కింద నిలబడ్డాడని ఇవాళ తెలిసింది.

పదకొండున్నరకి బయట కారు ఆగింది. జెన్‌హావ్ కిటికీలోంచి చూసి "అయ్యో" అన్నాడు.

క్వాంగ్ వాళ్లమ్మ వచ్చింది. తొంభై ఒకటో ఏడు. ఇండోనేషియా నుంచి వచ్చి ఆమెకి చాకిరీ చేస్తున్న అమ్మాయి చక్రాల కుర్చీని గడప దాటించింది. పెద్దవాళ్లు చిన్నవాళ్లకి అగరొత్తులు వెలిగించరు కాబట్టి పెద్దమ్మ పటానికి దణ్ణం పెట్టలేదు. దాన్ని చూస్తూ ఊరుకుంది.

జియాంగ్ అన్నయ్య లేచి నిలబడ్డాడు. తప్పించుకోవడానికి తలుపు ఎటుందో చూసుకున్నాడు.

"అమ్మా, ఇప్పుడు కాదు. ఆవిడ గుండె ఆగిపోతుంది," అని జెన్‌హావ్ నా చెవి దగ్గర గుసగుసలాడాడు.

వినలేదు నేను. నా కడుపులో ఒక్కటే ఉంది. ఈ మనిషి చచ్చిపోయేలోగా, నేను తన కొడుకుని చంపలేదని నా నోటితోనే చెప్పాలి. ఆమె ఒక్కతి నమ్మితే చాలు. రేవు సంగతి తర్వాత.

కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఆ కేకులు స్టేషన్‌లోకి వెళ్లలేదట. మా ఆయన దారిలోనే పంచేశాడట. ఆలస్యంగా వచ్చాడట. క్వాంగ్ మా ఆయన బదులు వెళ్లాడు. నాకిప్పుడే తెలిసింది. నాకు నిజంగా ఇప్పుడే తెలిసింది పెద్దమ్మా."

ఆమె కళ్లు పటం మీదనుంచి కదల్లేదు. ఆ అమ్మాయిని వంటింట్లోకి వెళ్లి వేడినీళ్లు తెమ్మంది. ఆ పిల్ల వెళ్లేదాకా ఆగింది.

"తెలుసు," అంది.

నాకు సరిగ్గా వినబడలేదనుకున్నాను.

"ఏం తెలుసు?"

"అంతా తెలుసు. మొదటి ఏడేళ్లూ నువ్వు గుమ్మం ముందు గిన్నెలు పెట్టి వెళ్లేదానివి. తలుపు తీసేదాన్ని కాదు. కుక్కలకి పెట్టేసేదాన్ని. ఎనిమిదో ఏడు, నువ్వొచ్చే ముందురోజు వీడొచ్చాడు." గడ్డంతో పటాన్ని చూపించింది. "మోకాళ్ల మీద పడ్డాడు. చెప్పాడు. చీపురుతో కొట్టాను. చీపురు విరిగింది గానీ వాడు లేవలేదు. మర్నాడు నువ్వొచ్చావు. తలుపు తీశాను."

ఆ రోజు నాకు బాగా తెలుసు. పెద్దమ్మ తలుపు తీసింది, నన్ను క్షమించింది అని ఇంటికి పరిగెత్తుకొచ్చి మా ఆయన ఒళ్లో పడి ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చాడు. ఇద్దరం చాలాసేపు ఏడ్చి, ఆ తర్వాత నూడుల్స్ చేసుకుని తిన్నాం. నా జీవితంలో అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

"తెలిసి కూడా..." అన్నాను. "ముప్పై ఆరేళ్లు పెద్దమ్మా. ఏటా నీ కాళ్ల దగ్గర తల నేలకి ఆనించి నన్ను క్షమించమని అడిగాను. ఒక్కసారైనా ఆపలేదే. ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెబితే మళ్లీ వస్తావా?"

పెద్దమ్మ కుర్చీ పిడి పట్టుకుని కొంచెం ముందుకి వంగింది.

"మొగుడు ముందే పోయాడు. కొడుకొక్కడు, వాడూ పోయాడు. ఊళ్లో పతకం ఇచ్చారు, దణ్ణం పెట్టారు, రెండేళ్లకి ఎవరి దారిన వాళ్లు పోయారు. నువ్వొక్కదానివే వచ్చేదానివి. మొదట ఏడాదికోసారి. తర్వాత నెలకి రెండుసార్లు. నిజం చెప్పి నిన్ను కూడా పోగొట్టుకోమంటావా పిల్లా? వీడు వీడి కోసం దాచమన్నాడు. నేను నా కోసం దాచుకున్నాను."

కోపం వచ్చిందా అంటే రాలేదు. కోపం రావడానికి కూడా ఎవరో ఒకరు మన వైపు ఉండాలి. మొగుడు, అన్న అనుకున్నవాడు, తల్లి అనుకున్న ఈమె, ముగ్గురూ ఒక వైపు కూర్చుని నన్ను అటు వైపు కూర్చోబెట్టారు. ముగ్గురికీ నేను వడ్డించాను.

ఫోన్ మోగింది. జెన్‌హావ్ ఎత్తి, విని, చేత్తో మూసి నన్ను చూశాడు. వాడి ముఖంలో కెప్టెన్ పోయి చిన్నపిల్లాడు మిగిలాడు.

"ఆఖరిసారి అడుగుతున్నాడమ్మా. ఏం చెప్పను?"

జేబులోంచి కాగితం తీశాను. మడతలు విప్పి బల్ల మీద, తామరలని పక్కకి నెట్టి పరిచాను. జియాంగ్ అన్నయ్య ముందు పెన్ను పెట్టాను.

"ఒక్కరోజు తప్ప అని రాశారు కదా. తేదీ వెయ్యండి. ఆ రోజు ఎందుకు ఆలస్యమయ్యాడో రాయండి. క్వాంగ్ ఎవరి బదులు వెళ్లాడో రాయండి. స్టేషన్‌లోకి ఏమీ రాలేదని రాయండి. మిగతాదేదీ కొట్టెయ్యొద్దు. ఆ ముగ్గురు పిల్లల్నీ దించింది ఆయనే, మట్టి తవ్వింది ఆయనే. అన్నీ ఉండనివ్వండి."

"అమ్మా, బండ్లు రావు," అన్నాడు జెన్‌హావ్ నెమ్మదిగా. "ఇది చదివాక పంపరు."

"రాకపోతే నడిచి వెళ్దాం."

జియాంగ్ అన్నయ్య పెన్ను తీసుకున్నాడు. అంకెలు ఎప్పటిలాగే గుండ్రంగా పడుతున్నాయి.

నేను లేవబోయాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. తొంభై ఏళ్ల చేతికి అంత బలం ఎక్కడిదో.

"నాకు తెలుసని కూడా రాయిస్తావా?"

"రాయించను."

"మరి..." ఆమె గొంతు తగ్గింది. నా ముఖంలోకి చూడటానికి భయపడుతోందని అప్పుడు అర్థమైంది. "ఈ నెలాఖరుకి వస్తావా?"

ఇన్నేళ్లలో ఆమె నన్ను రమ్మని అడగడం ఇదే మొదటిసారి. లేదనడానికి నోరు తెరిచాను. నా మణికట్టు చురుక్కుమంది, కిందికి చూశాను. ఆమె గోళ్లు పెరిగి వంకర తిరిగి నా చర్మంలో దిగుతున్నాయి. పోయేముందు మా ఆయన ఆస్పత్రిలో ఉన్న నెలన్నరా నేను వెళ్లి కత్తిరించలేదు. ఇంకెవరినీ కత్తిరించనివ్వదు.

"చెప్పు పిల్లా," అంది. "వస్తావా, రావా?"